45 రోజుల మామూలు పాట

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఇవాళ ఒకే ఒక్క పాట గురించి మాట్లాడతాను. బీటిల్స్ అనే బ్రిటిష్ బ్యాండ్‌లో ఒకడైన జాన్ లెనన్ అయిదేళ్ళు కనపడకుండా పోయి, తిరిగొచ్చినప్పుడు మొదట వదిలిన సింగిల్ (ఆల్బమ్‌తో సంబంధం లేకుండా విడిగా అమ్మే చిన్న రికార్డ్), "(జస్ట్ లైక్) స్టార్టింగ్ ఓవర్". 1980 అక్టోబర్ 24న బ్రిటన్‌లో విడుదలైంది. డిసెంబర్ 8 రాత్రి న్యూయార్క్‌లో ఆయన్ని సొంత ఇంటి గేటు దగ్గరే కాల్చి చంపేశారు. మధ్యలో ఉన్నవి 45 రోజులు. ఆ 45 రోజులూ అది మామూలు పాట. నచ్చినవాళ్ళు కొనుక్కున్నారు, నచ్చనివాళ్ళు పెదవి విరిచారు, రేడియోలో వస్తే సౌండ్ పెంచినవాళ్ళు పెంచారు, స్టేషన్ మార్చినవాళ్ళు మార్చారు. ఆ తర్వాత దాన్ని ఎవరూ పాటగా వినలేదు. "పాపం, మళ్ళీ మొదలుపెడదాం అన్నాడు, అంతలోనే పోయాడు" అన్న కథే వింటున్నారు. నా గొడవంతా దాని మీదే. ఆ 45 రోజుల్లో ఆ పాట ఎలా ఉండేదో, వీలైతే అలా ఒకసారి విందాం అని.

ముందు ఆ అయిదేళ్ళ సంగతి. 1975 ఫిబ్రవరిలో ఆయన "రాక్ ఎన్ రోల్" అని ఒక ఆల్బమ్ తెచ్చాడు, అన్నీ తన కుర్రతనంలో విన్న పాత పాటలే, కొత్తగా రాసిందేమీ లేదు. అదే ఏడు అక్టోబర్ 7న, ఆయన్ని అమెరికా నుంచి వెళ్ళగొట్టాలని ప్రభుత్వం ఏళ్ళ తరబడి నడిపిన కేసులో అప్పీళ్ళ కోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. రెండ్రోజులకి, అక్టోబర్ 9న, సరిగ్గా ఆయన పుట్టినరోజు నాడే కొడుకు షాన్ పుట్టాడు. అంతకుముందు భార్య యోకో ఓనోకి కొన్నిసార్లు గర్భం నిలవలేదు, కాబట్టి ఈ బిడ్డ వాళ్ళకి ఎంత ముద్దో వేరే చెప్పక్కర్లేదు. మొదటి భార్య కొడుకు జూలియన్ 1963లో పుట్టినప్పుడు బీటిల్స్ ఊరూరా తిరుగుతూ ఉండేవాళ్ళు, ఆ పిల్లవాడి బాల్యం ఈయన చూడనేలేదు. ఈసారి అలా కాకూడదనుకున్నాడు. 1976 మొదట్లో రికార్డ్ కంపెనీతో కాంట్రాక్ట్ కూడా ముగిసింది, ఇక ఎవరికీ పాట బాకీ లేదు. ఆ జూలైలో గ్రీన్ కార్డ్ చేతికొచ్చింది. కోర్టు గొడవ తీరింది, కంపెనీ గొడవ తీరింది, ఇంట్లో పసిబిడ్డ. ఇల్లు పట్టుకుని కూర్చున్నాడు.

ఇక్కడ మీకో మాట చెప్పాలి. తర్వాత ఇంటర్వ్యూల్లో ఆయన ఈ అయిదేళ్ళనీ చాలా అందంగా చెప్పుకున్నాడు: నేను రొట్టెలు కాల్చాను, బిడ్డని చూసుకున్నాను, వ్యాపారం ఆవిడ చూసుకుంది, గిటార్ గోడకి వేలాడింది అని. కొంత నిజమే. 70ల్లో ఒక రాక్ స్టార్ "నేను ఇంట్లో మొగుణ్ణి" అని పబ్లిగ్గా చెప్పడం చిన్న విషయం కాదు, మన దగ్గర ఇప్పటికీ ఆ మాట అనడానికి మొహమాటపడేవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. (నవ్వులు) కానీ ఆ ఇంట్లో పనివాళ్ళున్నారు, పిల్లవాణ్ణి చూసే మనిషి ఉంది. గిటార్ గోడకి వేలాడిందీ పూర్తిగా నిజం కాదు. ఆ ఏళ్ళలో కూడా డకోటా బిల్డింగ్‌లో తన ఫ్లాట్‌లో కూర్చుని క్యాసెట్ల మీద పాటల ముక్కలు రికార్డ్ చేస్తూనే ఉన్నాడు. పియానో ముందు కూర్చుని గునిగినవి, సగంలో వదిలేసినవి, ఒకే రాగానికి నాలుగు రకాల మాటలు పెట్టి చూసుకున్నవి. అంటే ఆయన పాటలు రాయడం మానలేదు, పాటలు అమ్మడం మానేశాడు.

మరి ఎందుకు తిరిగొచ్చాడు? ఒక్క కారణం చెప్పమంటే చెప్పలేం. 1980లో బీటిల్స్‌లో తన జతగాడు పాల్ మెకార్ట్నీ పాట "కమింగ్ అప్" విన్నాడు, బాగుందనిపించింది. పాత స్నేహితుడు, పాత పోటీదారు, వాడు ఇంకా హిట్లు కొడుతుంటే వీడికి కాలు నిలుస్తుందా? ఆ జూన్‌లో న్యూపోర్ట్ నుంచి బెర్ముడాకి చిన్న తెరచాప పడవలో బయల్దేరాడు. వెయ్యి కిలోమీటర్లకి పైగా సముద్రం. దారిలో తుఫాను పట్టుకుంది, మిగతావాళ్ళు కడుపులో తిప్పి పడిపోయారు, కెప్టెన్ అలసిపోయాడు, చుక్కాని ఈయన చేతికొచ్చింది. గంటల తరబడి ఒక్కడే అలల ముందు నిలబడి పడవ నడిపాడు. ముందు భయపడ్డానని, తర్వాత ఆ అలల మీద అరుస్తూ నావికుల పాటలు పాడుకున్నానని తనే చెప్పాడు. బెర్ముడా చేరాక పాటలు వరద కట్టాయి. షాన్ పక్కన ఉన్నాడు, యోకో న్యూయార్క్‌లో ఉంది. ఈయన ఒక పాట రాసి ఫోన్లో వినిపిస్తే ఆవిడ ఇంకోటి రాసి అటు నుంచి వినిపించేది. ఒక రాత్రి అక్కడి క్లబ్బులో బి-52స్ అనే కొత్త బ్యాండ్ పాట "రాక్ లాబ్‌స్టర్" వేశారు, అందులో ఆడవాళ్ళు పెట్టిన కేకలు విని, ఇదేగా పదేళ్ళ నుంచీ మా ఆవిడ చేస్తున్నది, అప్పుడు అందరూ నవ్వారు, ఇప్పుడు డాన్సులు చేస్తున్నారు అనుకున్నాడట. బొటానికల్ గార్డెన్‌లో ఒక ఫ్రీసియా పువ్వు రకం పేరు చూసి ఆల్బమ్‌కి పేరు కూడా దొరికింది, "డబుల్ ఫాంటసీ".

ఆగస్టులో న్యూయార్క్‌లో హిట్ ఫ్యాక్టరీ అనే స్టూడియోలో రికార్డింగ్ మొదలైంది. జాన్, యోకోలతో పాటు జాక్ డగ్లస్ ప్రొడ్యూసర్. 1971లో "ఇమాజిన్" ఆల్బమ్‌కి చిన్న ఇంజనీర్‌గా పనిచేసిన కుర్రాడే, ఈలోపు రాక్ బ్యాండ్ ఏరోస్మిత్‌కి పెద్ద హిట్లు చేసి పేరు తెచ్చుకున్నాడు. అంతా గుట్టుగా నడిపారు. పత్రికలకి ఉప్పందితే, అయిదేళ్ళ తర్వాత గొంతు లేస్తుందో లేదో తేలకముందే ఊరంతా టముకు వేస్తారని భయం. గిటార్ మీద ఎర్ల్ స్లిక్, హ్యూ మెక్రాకెన్, బేస్ మీద టోనీ లెవిన్, డ్రమ్స్ మీద ఆండీ న్యూమార్క్. అందరూ స్టూడియో పనిలో ఆరితేరినవాళ్ళు. కంట్రోల్ రూమ్‌లో ఎదురుగా కనపడేట్టు షాన్ ఫోటో పెద్దది అంటించుకున్నాడు.  కంపెనీ ఏదీ? అప్పుడే పుట్టిన గెఫెన్ రికార్డ్స్. పెద్ద కంపెనీలు పాటలు వినిపించమని అడిగాయి, దాని యజమాని డేవిడ్ గెఫెన్ వినకుండానే సరేనన్నాడు, పైగా మాటలు జాన్‌తో కాదు, యోకోతో మాట్లాడాడు. అక్కడే బేరం కుదిరింది.

ఇక పాట. ఇది ముందు నుంచీ ఒక పాటగా లేదు. "మై లైఫ్" అని ఒక ముక్క, "డోంట్ బీ క్రేజీ" అని ఇంకో ముక్క, ఇలా క్యాసెట్లలో పడున్న వాటిని అతుకుతూ పోతే బెర్ముడాలో ఇది తేలింది. రిహార్సల్స్ ఆఖరి రోజు దాకా తాము ఈ పాట విననే లేదని జాక్ డగ్లస్ చెప్పాడు. అందుకే దీన్ని తీరిగ్గా చెక్కిన శిల్పంలా చూడకండి, ఉత్సాహంలో చేసింది. పేరు ముందు బ్రాకెట్లో ఆ "జస్ట్ లైక్" ఎందుకొచ్చిందంటే, అదే ఏడు డాలీ పార్టన్ పాట "స్టార్టింగ్ ఓవర్ అగైన్" కంట్రీ పాటల చార్టుల్లో (అంటే వారం వారం ఏ పాట ఎంత ఆడుతోందో చెప్పే జాబితాల్లో) మోగుతోంది, రెండూ ఒకటే అనుకుంటారేమో అని. ఇంత పెద్ద పాటకి అంత చిల్లర కారణం!

ఇప్పుడు మొదటి అర నిమిషం వినిపిస్తాను. ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి. (పాట)

సరే. మొదట చిన్న గంట విన్నారు కదా, పూజగది గంటలా సన్నగా. అది వట్టి అలంకారం కాదు. 1970లో బీటిల్స్ విడిపోయాక ఆయన తొలి సోలో ఆల్బమ్ మొదటి పాట "మదర్", అది కూడా గంటతోనే మొదలవుతుంది. కాకపోతే అది చావుగంట, బరువుగా, చాలా నెమ్మదిగా మోగుతుంది. తల్లి జూలియా 1958లో కారు కింద పడి చనిపోయింది, తండ్రి చిన్నప్పుడే వదిలి పోయాడు, ఆ పాటలో వాళ్ళిద్దర్నీ తలుచుకుని గొంతు చిరిగేలా ఏడ్చాడు. పదేళ్ళ తర్వాత కావాలనే ఈ చిన్న గంట పెట్టాడు. ఆ గంట నుంచి ఈ గంట దాకా రావడానికి ఇంతకాలం పట్టింది అని ఇంటర్వ్యూలో తనే చెప్పాడు. చనిపోయాక ఏమైందంటే, జనం ఈ గంటని కూడా చావుగంటగానే వింటున్నారు. సరిగ్గా ఏది కాదని చెప్పడానికి పెట్టాడో, అదే అయి కూర్చుంది.

తర్వాత గిటార్ మీద మెల్లగా, తాళం లేనట్టు సాగదీస్తూ పాడతాడు, ఆగుతాడు, డ్రమ్స్ దిగుతాయి, అక్కణ్ణుంచి అచ్చం 1950ల పాట. వెనక కోరస్ వాళ్ళ ఊ-ఆలు, గొంతులో ఎల్విస్ వణుకు, మాట అన్న వెంటనే దాని నకలు వచ్చి తగిలే పాత తరహా ఎకో. స్టూడియోలో ఈ గొంతుకి ఒక పేరు కూడా పెట్టుకున్నాడు, "ఎల్విస్ ఆర్బిసన్" అని. ఎల్విస్ ప్రెస్లీని, రాయ్ ఆర్బిసన్‌ని కలిపేశాడన్నమాట. అంటే ఆయన వేషం కట్టి పాడుతున్నాడు, నవ్వుకుంటూ. లివర్‌పూల్‌లో 15 ఏళ్ళ కుర్రాడిగా ఎల్విస్‌ని విని బుర్ర తిరిగిపోయినవాడు, 40 ఏళ్ళు నిండబోతూ అదే గొంతు పెట్టి పెళ్ళాన్ని బతిమాలుతున్నాడు: మనం ఎదిగాం, బానే ఉన్నాం, కానీ ఎక్కడికైనా పోదాం ఒకసారి, ఇద్దరమే, కొత్తగా ప్రేమలో పడ్డట్టు. ఇంతే పాట. ఇందులో ప్రపంచశాంతి లేదు, విప్లవం లేదు, మరణం అసలే లేదు.

ఎకో గురించి ఒక పిట్టకథ, చెప్పకుండా ఉండలేను. లెనన్‌కి తన గొంతంటే తనకే నచ్చదు. మనం ప్రాణం పెట్టే గొంతు! దాన్ని ఎలాగైనా మార్చండి, కప్పేయండి అని ఇంజనీర్ల ప్రాణం తీసేవాడు. ఒకే లైన్ రెండుసార్లు పాడి ఒకదాని మీద ఒకటి వేస్తే గొంతు చిక్కగా వస్తుంది, కానీ రెండోసారి పాడటం విసుగు. ఆ బాధ భరించలేక 1966లో ఆబీ రోడ్ స్టూడియోలో కెన్ టౌన్‌సెండ్ అనే ఇంజనీర్ టేప్ మెషీన్లతోనే ఆ రెండో గొంతు దానంతటదే పుట్టే పద్ధతి కనిపెట్టాడు. కాబట్టి "స్టార్టింగ్ ఓవర్"లో గొంతంతా ఎకోలో ముంచేస్తే అది కేవలం పాతకాలం వాసన కోసమే కాదు, ఆయన జీవితమంతా చేసిన దాగుడుమూత కూడా.

పాట విడుదలైంది. ఇది ఆల్బమ్‌లో అన్నిటికన్నా మంచి పాటని ఆయనేమీ అనుకోలేదు, ఇన్నేళ్ళ తర్వాత వస్తున్నవాడికి ఈ పేరు, ఈ మాట సరిపోతుందని ఎంచుకున్నాడు. నా లెక్కలో కూడా ఆల్బమ్‌లో "వాచింగ్ ది వీల్స్" దీనికన్నా పై మెట్టు. అమెరికాలో పాట బాగానే పైకి పోతోంది. బ్రిటన్‌లో మాత్రం చార్టులో 8వ స్థానం దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి జారడం మొదలెట్టి, 21కి పడింది. నవంబర్ 17న ఆల్బమ్ వచ్చింది. విమర్శకులు కొందరు దుమ్మెత్తిపోశారు. బయట థాచర్, రీగన్, నిరుద్యోగం, కుర్రాళ్ళు పంక్ సంగీతం దాటి ఇంకెక్కడికో పోయారు, ఇక్కడ కోటీశ్వరుడొకడు మా ఆవిడ, మా బాబు, మా ఇల్లు అని పాడుకుంటున్నాడు, మాకెందుకు? ఇదీ వాళ్ళ కోపం. ఆ కోపం పూర్తిగా తప్పు కూడా కాదు. కానీ లెనన్ పాడింది కుర్రాళ్ళ కోసం కాదు. తనతో పాటు పెరిగిన వాళ్ళకి, 60ల్లో జుట్టు పెంచి 70ల్లో పెళ్ళాం పిల్లలు అప్పులు అంటూ నలిగి 80లకొచ్చిన వాళ్ళకి పాడాడు. చనిపోయిన రోజు మధ్యాహ్నం రేడియో ఇంటర్వ్యూలో అదే చెప్పాడు: మీరెలా ఉన్నారు, మీ సంసారం ఎలా ఉంది, గట్టెక్కారా, 70లు ఏడిపించాయి కదా, రండి 80లని బాగుచేసుకుందాం, అన్న ధోరణిలో.

ఆ రోజు గురించి రెండు ముక్కలే చెప్తాను. డిసెంబర్ 8, సోమవారం. పొద్దున ఫోటోగ్రాఫర్ ఆనీ లీబోవిట్జ్ ఇంటికొచ్చింది, బట్టల్లేకుండా ఆయన, నిండుగా బట్టలేసుకున్న యోకోని పసివాడిలా చుట్టుకుని పడుకున్న ఫోటో అప్పుడు తీసిందే. తర్వాత ఆ రేడియో వాళ్ళతో మాటలు. సాయంత్రం స్టూడియోకి బయల్దేరుతుంటే గేటు దగ్గర ఒకడు కొత్త ఆల్బమ్ ముందుకు చాపాడు, దాని మీద సంతకం పెట్టి, ఇంతేనా, ఇంకేమైనా కావాలా అని కూడా అడిగాడు. వాడి పేరు నేను చెప్పను, పేరు కోసమే ఆ పని చేశాడు కాబట్టి. రాత్రి దాకా రికార్డ్ ప్లాంట్ స్టూడియోలో యోకో పాట "వాకింగ్ ఆన్ థిన్ ఐస్" మిక్సింగ్. అందులో గిటార్ ఈయనదే, ఈ పాటతో నువ్వు హిట్ కొడతావు అని ఆవిడతో మహా సంబరంగా ఉన్నాడు. రాత్రి పదిన్నర దాటాక ఇంటికొచ్చారు. నాలుగు తూటాలు తగిలాయి. ఇక చాలు.

తర్వాత ఏమైందో మీకు తెలుసు. 21వ స్థానానికి జారిన పాట బ్రిటన్‌లో నేరుగా నంబర్ వన్. అమెరికాలో కూడా డిసెంబర్ ఆఖర్లో నంబర్ వన్, అయిదు వారాలు అక్కడే. దీంట్లో చాలామంది గమనించని విషయం ఒకటుంది. బ్రిటన్‌లో, సొంత దేశంలో, లెనన్ సోలోగా పాడిన ఒక్క పాట కూడా ఆయన బతికుండగా నంబర్ వన్ కాలేదు. "ఇమాజిన్" కూడా కాలేదు. బీటిల్స్‌లో ఇంకొకడు జార్జ్ హారిసన్‌కి 1971లో "మై స్వీట్ లార్డ్" దక్కింది, మెకార్ట్నీకి 1977లో "మల్ ఆఫ్ కింటైర్" దక్కింది. ఈయనకి ఇదే మొదటిది. దక్కేనాటికి మనిషి లేడు. వెంటనే జనవరిలో "ఇమాజిన్" నంబర్ వన్, ఫిబ్రవరిలో "వుమన్" నంబర్ వన్, మార్చిలో రాక్సీ మ్యూజిక్ వాళ్ళు నివాళిగా పాడిన ఆయన పాట "జెలస్ గై" నంబర్ వన్. అంటే రెండు నెలల క్రితం 8కి మించి ఎక్కించని జనమే, ఇప్పుడు దుకాణాల ముందు క్యూ కట్టారు. వాళ్ళని తప్పుపట్టడంలేదు. ఏడుపొచ్చినప్పుడు చేతులకి ఏదో ఒక పని కావాలి, రికార్డ్ కొనడం ఒక పని. కానీ ఆ డబ్బుతో కొన్నది పాట కాదు.

ఇంతలో క్రిస్మస్ వచ్చింది. "స్టార్టింగ్ ఓవర్" నంబర్ వన్‌లో ఉన్నది ఒక్క వారమే. దాన్ని దింపింది ఏదనుకున్నారు? స్కూలు పిల్లలు కోరస్‌గా పాడిన నానమ్మ పాట! (నవ్వులు) నిజమండీ, "దేర్స్ నో వన్ క్వైట్ లైక్ గ్రాండ్మా". నాకైతే ఈ సంగతి ఎంతో ఊరట. చార్టులకి సంతాపం తెలియదు, పండక్కి నానమ్మకి రికార్డ్ కొనిపెట్టాల్సిన మనవలు కొనిపెట్టారు. లెనన్ ఉంటే పగలబడి నవ్వేవాడు.

విమర్శకుల సంగతి ఇంకా తమాషా. అచ్చుకి సిద్ధంగా ఉన్న చెడ్డ రివ్యూలు కొన్ని ఆగిపోయాయి. తిట్టినవాళ్ళు నోరు నొక్కుకున్నారు. 1982 ఫిబ్రవరిలో "డబుల్ ఫాంటసీ"కి ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా గ్రామీ ఇచ్చారు, యోకో ఆరేళ్ళ షాన్‌ని పక్కన పెట్టుకుని స్టేజి మీద నిలబడితే హాలంతా లేచింది. ఆ అవార్డు పాటలకిచ్చారా, మనిషికిచ్చారా, వాళ్ళ దుఃఖానికి వాళ్ళే ఇచ్చుకున్నారా? మూడూనేమో. కానీ దీనివల్ల ఆల్బమ్‌కి అన్యాయమే జరిగింది. మెచ్చుకునే హక్కు అందరికీ ఉంది, తిట్టే హక్కు ఎవరికీ లేకుండా పోయింది. తిట్టడానికి వీల్లేని పాటని నిజంగా మెచ్చుకోవడం కూడా కుదరదు.

అసలు నష్టపోయింది యోకో. ఈ ఆల్బమ్ ఆయన ఒక్కడిది కాదు, ఇద్దరిదీ. ఆయన పాట ఒకటి, ఆవిడ పాట ఒకటి, మళ్ళీ ఆయన, మళ్ళీ ఆవిడ. మొగుడూపెళ్ళాల సంభాషణలా అల్లారు. ఫోన్లో పాటలు విసురుకున్నారని చెప్పానే, అదే వరస. జనం ఏం చేశారు? రికార్డ్ ప్లేయర్ సూది ఎత్తి ఎత్తి ఆవిడ పాటలు దాటేశారు. సీడీలొచ్చాక మరీ తేలిక, బటన్ నొక్కితే సరి. అలా వింటే సగం ఫోన్ సంభాషణ విన్నట్టే, అటువైపు మనిషి ఏమందో తెలియకుండా ఇటువైపు మనిషి నవ్వు మాత్రం వినపడుతుంది. ఆయన చేతుల్లో చివరిగా ఉన్న "వాకింగ్ ఆన్ థిన్ ఐస్" 1981 మొదట్లో వచ్చింది, ఆవిడ పాటల్లో అప్పటికి దానికే ఎక్కువ ఆదరణ. అదే ఏడు ఆవిడ సొంత ఆల్బమ్ అట్ట మీద నెత్తురంటిన ఆయన కళ్ళజోడు ఫోటో వేసింది. జనం మండిపడ్డారు. అది చూడలేమన్న జనమే, ఆయన చావుని నెలల తరబడి పత్రికల కవర్ల మీద కొనుక్కున్నారు. అదీ లోకం.

ఇలాంటి పాటలు ఇంకా ఉన్నాయి, ఓటిస్ రెడింగ్ 1967 డిసెంబర్‌లో విమానం కూలి చనిపోయాక వచ్చిన "డాక్ ఆఫ్ ది బే" దగ్గర్నుంచి మొదలెడితే చాలా పొడుగు జాబితా. దాని జోలికి పోను. బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బౌవీ ఒక్కడి మాట చెప్తాను. పదేళ్ళు కొత్త ఆల్బమ్ లేకుండా ఉండి 2013 జనవరి 8న, తన 66వ పుట్టినరోజున, ముందు చెప్పాపెట్టకుండా "వేర్ ఆర్ వీ నౌ?" వదిలాడు. ఆయన కూడా అంతా గుట్టుగానే చేశాడు. ఆ ఆల్బమ్‌లో గిటార్ వాయించినవాళ్ళలో ఒకడు ఎవరో తెలుసా, ఎర్ల్ స్లిక్, మన "స్టార్టింగ్ ఓవర్" మనిషే. ఆ తర్వాత 2016లో చివరి ఆల్బమ్ వచ్చిన రెండ్రోజులకి బౌవీ చనిపోయాడు. కానీ ఆయనకి జబ్బు సంగతి తెలుసు, తెలిసే ఆ పాటల్లో వీడ్కోలు పెట్టాడు, మనం అందులో మరణాన్ని వెతికితే దొరుకుతుంది, ఆయనే పెట్టాడు కాబట్టి. లెనన్ పాటలో వెతికితే దొరకదు, దొరికిందంటే మనం తెచ్చి పెట్టిందే. ఈ తేడా చాలామంది చూడరు.

అన్నట్టు ఆ "ఎల్విస్ ఆర్బిసన్"లో రెండో సగం, రాయ్ ఆర్బిసన్. లెనన్ పోయిన ఎనిమిదేళ్ళకి, 1988 డిసెంబర్ 6న, 52 ఏళ్ళ వయసులో గుండెపోటుతో పోయాడు. ఆయన కూడా అప్పుడే చాలాకాలం మరుగున పడి పైకి లేస్తున్నాడు. తిరిగొచ్చాడు అనిపించుకున్న "యూ గాట్ ఇట్" సింగిల్ ఆయన పోయాక, 1989 మొదట్లో వచ్చింది, రెండు దేశాల్లోనూ టాప్ టెన్. ఎవరి గొంతు అనుకరించి లెనన్ తిరిగొచ్చాడో, ఆ గొంతుకి కూడా అదే గతి పట్టింది. దీంట్లో అర్థం వెతకకండి. యాదృచ్ఛికం, అంతే. కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

2010లో యోకో, జాక్ డగ్లస్ కలిసి ఆల్బమ్‌ని మళ్ళీ మిక్స్ చేశారు, ఎకోలు, అదనపు వాద్యాలు తీసేసి. అందులో పాట మొదలయ్యేముందు లెనన్ మైకులో ఒక మాటంటాడు, ఈ పాట జీన్‌కి, ఎడ్డీకి, ఎల్విస్‌కి, బడ్డీకి అని. జీన్ విన్సెంట్, ఎడ్డీ కోక్రన్, ఎల్విస్ ప్రెస్లీ, బడ్డీ హోలీ. నలుగురూ అప్పటికే పోయినవాళ్ళు. ఎడ్డీ 21 ఏళ్ళకి, బడ్డీ 22కి, జీన్ 36కి, ఎల్విస్ 42కి. 40 నిండబోతున్నవాడు స్టూడియోలో నిలబడి, తన కుర్రతనపు హీరోలకి సరదాగా సలాం కొట్టి, పాట మొదలెడుతున్నాడు. ఆ గొంతులో విషాదం ఇంత కూడా లేదు, మొహం కనిపించకపోయినా నవ్వుతున్నాడని తెలుస్తుంది.

సరే, నేను చెప్పాల్సింది అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: క్యాసెట్లలో మిగిలిపోయిన పాటలన్నారు, అవి తర్వాత వచ్చాయా?)

వచ్చాయండీ. 1984లో "మిల్క్ అండ్ హనీ" అని ఆల్బమ్, అందులో ఎక్కువ భాగం 1980లో మిగిలినవే. 1994లో యోకో కొన్ని క్యాసెట్లు మెకార్ట్నీ చేతిలో పెట్టింది, వాటి మీద బీటిల్స్‌లో మిగతా ముగ్గురూ వాయించి "ఫ్రీ యాజ్ ఎ బర్డ్", "రియల్ లవ్" చేశారు. మూడోది "నౌ అండ్ దెన్", టేపులో గొంతునీ పియానోనీ విడదీయడం అప్పట్లో కుదరక పక్కనపెట్టారు. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చాక విడదీసి 2023 నవంబర్‌లో విడుదల చేశారు, బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. గోడకి వేలాడిన గిటార్ మాట ఎంతవరకు నమ్మాలో దీన్నిబట్టి మీరే చూసుకోండి.

(ఇంకో శ్రోత: పాటలో రెండు రకాలున్నాయన్నారు, కొత్తగా వినేవాళ్ళు ఏది వినాలి?)

ముందు 1980 నాటిదే. ఎకో, కోరస్, గంట అన్నీ ఉండాలి, ఆ వేషం లేకపోతే పాట సగమే. తర్వాత 2010ది, గొంతు కోసం. ఆ తర్వాత మీకు ఓపికుంటే, అప్పట్లో ఆ సింగిల్ కొన్నవాళ్ళకి రికార్డ్ రెండోవైపు ఏముందో అది కూడా వినండి, యోకో పాట "కిస్ కిస్ కిస్". సింగిల్ అంటే రెండు వైపులూ కలిపే కదా. అందులో ఆవిడ చేసిన చప్పుళ్ళకి స్టూడియోలో ఇంజనీర్లు చూస్తుంటే తనకే సిగ్గేసి, లైట్లు ఆర్పించి, అడ్డంగా తెర పెట్టించుకుని పాడింది. కాబట్టి అది మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళు లేనప్పుడు వినండి. (నవ్వులు)